మిల్లు రోడ్డు ఎర్ర బండి

ఏప్రిల్ 15, శనివారం

బండి వాగులో పడింది. ఎక్కి కూర్చుని గడ్డి కోసే బండి. దాని మీద మా ఆయన వెండెల్ ఉన్నాడు. మోకాలు చెక్కుకుపోవడం తప్ప ఆయనకేమీ కాలేదు. బండి మాత్రం ముక్కు బురదలో పెట్టి, వెనక చక్రాలు గాల్లో తిప్పుకుంటూ, ఇంజను నీళ్ళు తాగి చచ్చేదాకా అరిచింది.

నవంబరులో పక్షవాతం వచ్చినప్పటినుంచీ కుడికాలు చెప్పిన మాట వినడం లేదు. పెడల్ నొక్కిన పాదం మళ్ళీ పైకి లేవలేదట. "లెమ్మన్నాను, లేవలేదు" అన్నాడు, అదెవరో బద్ధకపు కూలివాడైనట్టు. తాళంచెవి నేను పిండి డబ్బాలో దాచాను. ఎలా కనిపెట్టాడో తెలియదు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆ డబ్బా మూత తీసి ఎరగడు.

పాత ఇనుము కొనేవాడు వచ్చి బండిని ట్రక్కు ఎక్కించుకుపోయాడు. ట్రక్కు మలుపు తిరిగేదాకా వెండెల్ వరండాలో నిలబడి చూశాడు. మా అమ్మ శవపేటిక వెళ్ళిననాడు అంతసేపు నిలబడలేదు.

బీన్సూ మొక్కజొన్న రొట్టే తింటూ "ఇంకోటి కొనాలి" అన్నాడు. దేంతో అని నేను అడగలేదు. ఆస్పత్రి ఖర్చులు పోగా మిగిలింది తొమ్మిది వందల డాలర్లు. అందులో వచ్చేది కొనాలి, అంటే ఎవరో వాడి వదుల్చుకునేది. మాకున్నది రెండెకరాల గడ్డి. ఇంటి ముందు ఎకరం బల్లపరుపు, వెనక ఎకరం వాగులోకి వాలు. తోసుకుంటూ కోసే చిన్న మిషనుతో సోమవారం మొదలుపెడితే ఆదివారానికి అవుతుంది. ఈలోగా సోమవారం కోసిన చోట మళ్ళీ పెరుగుతుంది.

ఏప్రిల్ 17

వాన.

ఏప్రిల్ 18

వాన. గడ్డి చీలమండ దాటింది.

ఏప్రిల్ 19, బుధవారం

పక్కింటి రస్ మా ఇంటి ముందు గడ్డి కోసేశాడు. అడగలేదు, చెప్పలేదు. తన గడ్డి కోసుకుంటూ కోసుకుంటూ హద్దు దాటి వచ్చేశాడు. పనయ్యాక మా కిటికీ వైపు చెయ్యూపి వెళ్ళిపోయాడు. మంచివాడే. కానీ మా ఊళ్ళో ఒకరి గడ్డి ఇంకొకరు కోశారంటే ఆ ఇంట్లో చావైనా జరిగుండాలి, మంచం పట్టిన మనిషైనా ఉండాలి. రోడ్డున పోయే ప్రతివాడికీ ఆ సంగతి తెలిసిపోతుంది.

వెండెల్ కర్టెన్ లాగేసి చీకట్లో కూర్చున్నాడు. రస్‌కు ఆపిల్ ముక్కలతో పై కాల్చి పంపుతానంటే, "పంపు. నువ్వు కూడా దాని వెనకే పో" అన్నాడు.  భోజనం దగ్గర ప్లేటులోకి చూస్తూ అన్నాడు:

"వాడు ఇంకోసారి వచ్చి కోశాడంటే నన్ను పాతిపెట్టినట్టే, ఆర్డిస్. నా గడ్డి నేను కోసుకోవాలి."

ఆపిల్ పై చెయ్యలేదు.

ఏప్రిల్ 22, శనివారం

నీలం బండి ఒకటి చూడ్డానికి వెళ్ళాం. మోకాలు వాచిందని వెండెల్ కారులోనే ఉన్నాడు. అమ్మేవాడు బండిని తెగ తుడిచిపెట్టాడు. వాడు నోరు తెరిచేలోగా నేను బానెట్ మీద అరచెయ్యి వేశాను. వేడిగా ఉంది. పొద్దున కాసేపు గడ్డి కోశానన్నాడు. వాడి పెరట్లో గడ్డి మోకాలెత్తున ఉంది, మీద మంచు కూడా ఆరలేదు. చల్లగా ఉంటే స్టార్ట్ కాని ఇంజను అది. మేం వచ్చేముందు నానా తంటాలు పడి తిప్పి వేడి చేసి ఉంచాడు. చల్లారాక మళ్ళీ వస్తామని చెప్పాను. ఆడవాళ్ళకు ఇలాంటివి ఎవరు చెబుతారండీ అని వాడు విసుక్కున్నాడు.

కారెక్కాక వెండెల్ కూడా అదే అడిగాడు, నీకెవరు నేర్పారని. ఎవరూ నేర్పలేదు. ముప్పై నాలుగేళ్ళుగా ఈయన గరాజు ముందు నిలబడి రస్‌కీ, తమ్ముడికీ, చర్చి ఫాదరుకీ, ఆఖరికి ఉత్తరాలు తెచ్చేవాడికి కూడా చెప్పిన పాఠాలవి. నేను వంటింటి కిటికీ దగ్గర గిన్నెలు కడుగుతూ విన్నాను. నాకు చెప్పాలని మాత్రం ఈయనకు ఒక్కసారీ తోచలేదు. ఆ మాటే అన్నాను. ఈయన నవ్వాడు. నవంబరు తర్వాత అదే మొదటి నవ్వు. నాకు సంతోషం వేసింది, ఆ సంతోషం వేసినందుకు ఒళ్ళు మండింది.

ఏప్రిల్ 25, మంగళవారం

ప్రతి మంగళవారంలాగే వెండెల్ కాలి థెరపీకి వెళ్ళాం. అక్కడి అమ్మాయి నన్ను పక్కకు పిలిచి ఒక మాట చెప్పింది. అలసిపోయాను. తర్వాత రాస్తాను.

ఏప్రిల్ 27, గురువారం

వెండెల్ పేపర్లో ఒక ప్రకటన చుట్టూ ఎడంచేత్తో పెన్సిల్ గీత గీశాడు. గీత వంకరటింకరగా పక్క ప్రకటనలోకి కూడా పోయింది. మిల్లు రోడ్డులో ఎర్ర బండి, ఇరవై ఏళ్ళ పాతది, ఒక్కరే వాడారు, నాలుగు వందల యాభై. అది కాదు అసలు విషయం. అది చేత్తో నడిచేది.

"పెడల్ లేదు ఆర్డిస్, చూడు. ముందుకు పోవాలన్నా వెనక్కి రావాలన్నా స్టీరింగ్ దగ్గరున్న లివరే. ఎడంచేత్తో తోస్తే చాలు. బ్రేకేమో ఎడంకాలికి. అసలు కుడికాలితో పనే లేదు."

మూడుసార్లు చదివి వినిపించాడు.  మోకాలు ఇంకా వాపుగానే ఉంది కాబట్టి రేపు నేనొక్కదాన్నే వెళ్ళి చూసి, బాగుంటే డబ్బు కట్టేసి రావాలి. కింద బ్లేళ్ళను కప్పే రేకు తుప్పు పట్టిందేమో స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలట. నాకు తెలుసు అన్నాను.

ఏప్రిల్ 28, శుక్రవారం

బండిది ముసలాయన, ఓర్విల్ అని, ఒకప్పటి రైతు. బండిని రోడ్డు పక్కనే, అందరికీ కనిపించేలా నిలబెట్టాడు. బానెట్ చల్లగా ఉంది. తాళం తిప్పగానే అందుకుంది. పొగ లేదు. నేను గడ్డిలో వెల్లకిలా పడుకుని రేకును నాలుగు చోట్ల పొడిచాను, ఎక్కడా దిగలేదు. సీటు మీద కూర్చుంటే ఎడంచెయ్యి తనంతట తనే లివరు మీదికి వెళ్ళింది.

ఎవరు నడుపుతారని అడిగాడు. నేనే అన్నాను.

"అయితే పరవాలేదమ్మా. కానీ కాలికేదైనా ఇబ్బంది ఉన్నవాళ్ళకైతే దీన్ని మించింది దొరకదు. నాకు తుంటి విరిగిన ఏడాదంతా దీని మీదే బతికాను" అన్నాడు.

సీటు చిరిగిపోయి ఉంది. పైగా ఇరవై ఏళ్ళ బండి. రేపేదైనా విరిగితే ఆ భాగం ఎక్కడ దొరుకుతుంది? ఎర్ర రంగు కూడా వెలిసిపోయింది. ఆలోచించి చెబుతానని ఫోన్ నంబరు ఇచ్చి వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి వెండెల్ వరండాలో టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. బండి అమ్ముడుపోయిందని చెప్పాను. అంటే, అమ్ముడుపోతుంది కదా, అంత మంచి బండి. ఈపాటికి ఎవరో ఒకరు వచ్చే ఉంటారు.

టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "పోన్లే" అన్నాడు.

ఏప్రిల్ 29, శనివారం

ఆకుపచ్చ బండి కొన్నాం. ఊళ్ళో మిషన్ల షాపు వెనక వరసలో ఉంది. ఎనిమిది వందల యాభై. ఏడేళ్ళదే. సీటు బాగుంది. ముందుకో పెడల్, వెనక్కో పెడల్, రెండూ కుడికాలికే. వెండెల్ కారు దిగి వచ్చి వాటి వంక చూశాడు. ఇప్పుడన్నీ ఇలాగే వస్తున్నాయని నేను అన్నాను. షాపువాడు కూడా అవునన్నాడు.

"నువ్వు నడపగలవా?" అని వెండెల్ నన్ను అడిగాడు.

నేర్చుకుంటాను అన్నాను.

"సరే. కొనెయ్" అన్నాడు, కారు వైపు తిరుగుతూ.

ఆకుపచ్చదే మేలు. కొత్తది కదా.

మే 2, మంగళవారం

థెరపీకి హైవే మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళాం. పదిహేను నిమిషాలు ఎక్కువ. ఎప్పుడూ వెళ్ళే మిల్లు రోడ్డున ఎందుకు వెళ్ళలేదని వెండెల్ అడిగాడు. వంతెన బాగుచేస్తున్నారని చెప్పాను.

మే 6, శనివారం

ఇవాళ నేను గడ్డి కోశాను.

మొదటి అరగంట ఏడుపొక్కటే తక్కువ. బండి ఎగిరెగిరి పడింది, గులాబీ మడి అంచు కొరికేశాను, వరసలు పాము పాకినట్టు వచ్చాయి. వెండెల్ వరండాలో నిలబడి, కర్ర ఎత్తి చూపిస్తూ ఏదో అరుస్తున్నాడు. నాకొక్క ముక్క వినపడలేదు. ఇంజను మోత మీద ఎవరి మాటా వినపడదు. చెవికి చెయ్యి అడ్డం పెట్టి, వినపడడం లేదని సైగ చేశాను. కాసేపటికి విసుగెత్తి లోపలికి పోయాడు.

ఆ తర్వాత బాగుంది.

ఎలా బాగుందో రాయాలి. ఎవరికి చెప్పగలను? నాలుగు గంటలు ఎవరూ నన్ను పిలవలేదు. మందేదీ, దిండు సర్దు, టీవీ మార్చు, అదేం లేదు. ఎదురుగా గడ్డి, వెనక్కి తిరిగి చూస్తే కోసిన గడ్డి. మెడ మీద ఎండ. పచ్చి వాసన. ఏమీ ఆలోచించలేదు. నా పెళ్ళయ్యాక నేనలా ఉత్తగా ఉన్న నాలుగు గంటలు ఇంకేవైనా ఉన్నాయేమో గుర్తు చేసుకుందామని చూశాను. లేవు.

ఇదా సంగతి అనుకున్నాను. ప్రతి శనివారం, ముప్పై నాలుగేళ్ళు. గడ్డి మొలవని శనివారం కూడా ఆకులు ఏరడానికని బండెక్కేవాడు. ఇంటెడు చాకిరీ చేస్తున్నాడని నేను నిమ్మరసం కలిపి, గ్లాసు పట్టుకుని ఎండలో నిలబడేదాన్ని. ఆగి తాగి, గ్లాసు నా చేతికిచ్చి వెళ్ళిపోయేవాడు. ఈ సుఖం మూటగట్టుకుని తనొక్కడే అనుభవించాడు, పైగా అలసిపోయానని సాయంత్రం కాళ్ళు పట్టించుకున్నాడు.

వెనక వాలు దగ్గర మలుపు తిప్పుతుంటే వంటింటి కిటికీలో కనిపించాడు. నేను నిలబడే చోటే నిలబడ్డాడు.

ఆగలేదు. ఇంకో వరస కోశాను. అవసరం లేని వరస.

మే 9, మంగళవారం

హైవే మీదుగా వెళ్ళాం. వంతెన గురించి ఈయన ఏమీ అడగలేదు.

మే 13, శనివారం

మధ్యాహ్నం గరాజు తలుపు సందులోంచి చూశాను. వెండెల్ ఆకుపచ్చ బండి మీద కూర్చుని ఉన్నాడు. ఇంజను వెయ్యలేదు. కుడి మోకాలి కింద ఎడంచెయ్యి పెట్టి కాలెత్తి పెడల్ మీద పెట్టుకున్నాడు. కాలు జారింది. మళ్ళీ ఎత్తాడు. ఈసారి నిలిచింది. నొక్కడానికి చూశాడు, మెడ నరాలు బిగిశాయి, పెడల్ కదల్లేదు. అప్పుడు కాలిని పిడికిలితో కొట్టాడు. గట్టిగానే కొట్టాడు, నాలుగైదు దెబ్బలు.

చప్పుడు కాకుండా వెనక్కి వచ్చి, వంటింట్లో కుళాయి పెద్దగా తిప్పాను, నేనిక్కడే ఉన్నానని ఆయనకు వినపడేలా.

సాయంత్రం నేనే గడ్డి కోశాను. వరసలు ఇప్పుడు తిన్నగా వస్తున్నాయి.

మే 16, మంగళవారం

మా అమ్మాయి టెస్ ఫోన్ చేసింది. నాన్న బండి నడుపుతున్నాడా అని అడిగింది. లేదు, కుదరదు అన్నాను.

"అదేంటమ్మా? చేత్తో నడిచేదైతే నడపొచ్చని థెరపీ అమ్మాయి నీకు చెప్పానందే? మొన్న నేను ఫోన్ చేస్తే చెప్పింది."

అలాంటిది దొరకలేదన్నాను. సరేనమ్మా, నీ ఆరోగ్యం చూసుకో అని పెట్టేసింది.

ఇక రాయక తప్పదు. ఏప్రిల్ 25న ఆ అమ్మాయి చెప్పింది అదే. ఎడంచెయ్యీ ఎడంకాలూ దిట్టంగా ఉన్నాయి, చేత్తో నడిచే బండయితే చదునైన చోట ఆయన నిక్షేపంగా నడుపుకోవచ్చు, మనసుకు కూడా మందులా పనిచేస్తుంది, అలాంటి బండి చూడండి అంది. సరే అన్నాను. మూడు రోజుల తర్వాత చూశాను కూడా.

భయపడ్డాను, అంతే. వాగులో పడ్డవాణ్ణి మళ్ళీ ఎలా ఎక్కించను? ఏ పెళ్ళామైనా భయపడుతుంది.

వాగు వెనక వైపు ఉంది. ముందు ఎకరం బల్లపరుపు. ఆయన ముందు కోస్తే నేను వెనక కొయ్యొచ్చు. అది కూడా నాకు ఆ రోజే తోచింది, ఓర్విల్ సీటు మీద కూర్చున్నప్పుడే.

పెళ్ళయిన ఏడాది, నాకు ముప్పై ఒకటి. బండి ఒకసారి నడపనా అని అడిగాను. రస్ ముందూ, రస్ వాళ్ళావిడ ముందూ పగలబడి నవ్వాడు. "దీన్ని ఎక్కిస్తే గడ్డి వదిలేసి పూలమొక్కలు కోస్తుంది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మళ్ళీ అడగలేదు. మా అమ్మ శుక్రవారం పోతే, శనివారం పొద్దున్నే బండెక్కాడు. నేను లోపల ఫోన్లో అందరికీ కబురు చెబుతుంటే ఆ మోతకు అవతలివాళ్ళ మాట వినపడలేదు. టెస్ పుట్టి మూడోరోజు కూడా కోశాడు.

ఇవన్నీ సాకులు కాదు. జరిగినవే.

మే 20, శనివారం

కోశాను. నాలుగున్నర గంటలు.

మే 23, మంగళవారం

ఓర్విల్ ఫోన్ చేశాడు. బండి ఇంకా పోలేదట, ఈ రోజుల్లో లివరు బండి ఎవరికీ అక్కర్లేదట, ధర తగ్గిస్తానన్నాడు. రాంగ్ నంబరని చెప్పి పెట్టేశాను. ఎవరని వెండెల్ అడిగాడు. చర్చి వాళ్ళు, ఏదో చందా అని చెప్పాను.

పాపం ముసలాయన, నా గొంతు గుర్తుపట్టే ఉంటాడు.

మే 30, మంగళవారం

థెరపీకి బయల్దేరాం. హైవే వైపు తిప్పబోతుంటే వెండెల్ నా మోచేతి మీద చెయ్యి వేశాడు.

"మిల్లు రోడ్డున పోనీ."

వంతెన అనబోయాను. నా వైపు చూడకుండా అద్దంలోంచి బయటికి చూస్తున్నాడు. మిల్లు రోడ్డున పోనిచ్చాను.

వంతెనకు ఏమీ కాలేదు, ఎప్పుడూ ఏమీ కాలేదు. అది దాటిన అర మైలుకు ఎర్ర బండి, అక్కడే, రోడ్డు పక్కనే ఉంది. అట్టముక్క మీద నాలుగు వందల యాభై కొట్టేసి మూడు వందల యాభై, అదీ కొట్టేసి రెండు వందల యాభై అని రాసుంది. చక్రాల చుట్టూ గడ్డి లేచింది. నేను స్పీడు తగ్గించలేదు. వెండెల్ తల తిప్పి, అది వెనక్కి పోయేదాకా చూశాడు.

క్లినిక్ ముందు కారాపాను. దిగలేదు. నేనే ముందు మాట్లాడాలి అనుకున్నాను. చివరికి ఆయనే అన్నాడు, రస్ తనను క్రాఫుకి తీసుకెళ్ళిన రోజే దాన్ని చూశానని. నెల మొదట్లో, ఆకుపచ్చది వచ్చిన నాలుగో రోజునో అయిదో రోజునో. కారాపించి, దిగి, ఓర్విల్‌తో మాట్లాడాడట. పొడుగాటి ఆవిడ ఒకరు వచ్చి, పడుకుని మరీ పరీక్ష చేసి, నేనే నడుపుతానని చెప్పి వెళ్ళిందని ఓర్విల్ చెప్పాడట.

అంటే నేను మొదటి శనివారం కోసినప్పుడే ఆయనకు తెలుసు. కిటికీలో నిలబడ్డప్పుడు తెలుసు. గరాజులో కాలిని కొట్టుకున్నప్పుడు తెలుసు. ఆ తర్వాత నేను చుట్టుదారిన తీసుకెళ్ళిన మంగళవారాలన్నీ నోరు మూసుకుని పక్కన కూర్చున్నాడు.

"మరి అడగలేదేం?" అన్నాను.

"అడిగేదేముంది? నేనైనా అదే చేసేవాణ్ణి."

తిడతాడని చూశాను. తిడితే నా దగ్గర ముప్పై నాలుగేళ్ళ జవాబులు ఉన్నాయి. తిట్టలేదు. వెక్కిరింతా కాదు. నేను జబ్బుపడి, తను బండి కొనడానికి వెళ్ళి ఉంటే ఏం చేసేవాడో ఆలోచించుకుని, ఉన్నమాట చెప్పాడు. నాకు మొహం మీద కొట్టినట్టయింది, ఎందుకంటే అది నిజం. ఆయన నిజంగా అదే చేసేవాడు. మేమిద్దరం ఒక్కలాంటి వాళ్ళమే.

తర్వాత ఎడంచెయ్యి చాపాడు, లేవదియ్యమని. లేవదీశాను.

వచ్చేటప్పుడు ఏ రోడ్డున వెళ్ళాలో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. మిల్లు రోడ్డునే వచ్చాను. ఎర్ర బండి కనిపించే చోట కారు నిదానించింది. వెండెల్ కళ్ళు మూసుకున్నాడు.

"ఆపకు ఆర్డిస్. ఇప్పుడు నువ్వు జాలిపడి కొనిచ్చినా నేను ఎక్కలేను. వద్దు. ఆపుదామనుకున్నావు, అది చాలు."

నా చెయ్యి పట్టుకున్నాడు. ఇంటికి వచ్చేదాకా వదల్లేదు. వరండా మెట్లు ఎక్కేటప్పుడు కూడా మెల్లగా ఒకసారి నొక్కాడు, పెళ్ళయిన కొత్తలో నొక్కినట్టు.

నేను ఆపడానికి నిదానించలేదు. ముందు ఎవరిదో ట్రాక్టరు గడ్డి మోపులు వేసుకుని వెళుతోంది, అందుకని బ్రేకు వేశాను. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.